ఈశ్వరి మెలకువ రోజులు

లేపడానికి ముందు రోజు

నిద్రగదిలో పిల్లను లేపి ఇంటికి పంపేటప్పుడు ఒక పుస్తకం ఇస్తారు. పిల్ల ఏం తిన్నదీ, ఎంత దూరం నడిచిందీ, చేతిపట్టీలో గుండె లెక్క ఎంత చూపించిందీ రోజూ అందులో రాయాలి. ఇన్నేళ్లూ మా ఇంట్లో ఆ పుస్తకం రాసింది నా భార్య సుభద్ర. ఈసారి షమీమక్క దాన్ని నా చేతిలో పెట్టింది. నిద్రగదిని చూసుకునేది ఆమే.

"రాయడం వస్తాది కదా మద్దిలేటీ?"

"పంపుల రిజిస్టరు రాస్తానే ఉండా కదక్కా."

"ఇది పంపు కాదు" అంది షమీమక్క. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "పది దినాలు సుభద్ర సంగతి పాపకు చెప్పొద్దు. నిద్ర లేసిన గుండె పచ్చిగా ఉంటాది. ఏదన్నా డ్యూటీ మింద పోయిందని చెప్పు. పది దినాలైనాంక నేనే వస్తా, ఇద్దరం కలిసి చెప్తాం."

సుభద్ర ఆషాఢంలో పోయింది. రెండు రోజులు ఎండజ్వరం, మూడో రోజు లేదు. అప్పుడు బయట యాభై ఆరు డిగ్రీలు. మా పిల్ల ఈశ్వరి, ఎండకు తాళలేక మేమందరం ఉంటున్న పాత గనిలోనే, నా ఇంటికి నూట పది మెట్ల కింద, చల్లటి అద్దం పెట్టెలో నిద్రపోతూ ఉంది.

మెలకువ 1

ఈశ్వరి పుట్టి పదిహేడేళ్లయింది. మెలకువగా గడిపిన కాలమంతా కలిపితే ఎనిమిదేళ్లు నిండలేదు. మొదట్లో ఏడాదికి ఎనిమిది నెలలు లేపి ఉంచేవాళ్లం. తర్వాత అది ఆరు నెలలైంది, నాలుగైంది, పోయినేడు రెండైంది. ఈ ఏడు యాభై రోజులన్నారు. ఎండ నెలల్లో పై సొరంగాల వేడిని పిల్లల ఒళ్లు తట్టుకోలేదు. నిద్రమందు పెద్దవాళ్ల ఒంటికి పడదు. నలభై కేజీలు దాటిన పిల్లల్ని ఇక నిద్రపుచ్చరు. మా పిల్ల బరువు పందొమ్మిది.

కళ్లు తెరిచి నన్ను చూసింది. నన్ను దాటి నా వెనక చూసింది.

"అమ్మేది?"

"డ్యూటీకి పోయింది పాపా. కింది క్యాంపుకు."

"నేను లేసే దినం గూడనా?"

నేను ఎత్తుకుంటానంటే ఈశ్వరి వద్దంది, షమీమక్క చేయి పట్టుకుని నడిచింది. నేను దుప్పటి మోస్తూ వెనక నడిచాను. మెట్ల మధ్యలో ఒకసారి ఆగి నా తలకేసి చూసింది. "నాయనా, నువ్వు ముసిలోడివైతాండావు" అంది. వెక్కిరింపు కాదు. చూసింది చెప్పిందంతే.

గంజి అరగ్లాసు. గుండె డెబ్బై నాలుగు.

మెలకువ 2

పిల్లతో ఎలా ఉండాలో నాకు తెలియదు. నిజం రాస్తున్నాను. నిద్రగదిని చల్లబరిచే పంపులు నావి. వాటిని విప్పి బాగుచేయడానికి వీలయ్యేది చల్ల నెలల్లోనే. పిల్లలు లేచేదీ ఆ నెలల్లోనే. ఏటా ఈశ్వరి లేచేసరికి నేను పంపుల షెడ్డులో గ్రీజులో ఉండేవాణ్ణి. తిండి కూడా అక్కడి క్యాంటీన్లోనే. పని అయి ఇంటికొచ్చేసరికి తల్లీబిడ్డా ఏదో మాట్లాడుకుంటూ నవ్వుతుండేవాళ్లు. నేను రాగానే ఆ మాట ఆగిపోయేది.

ఈసారి సెలవు పెట్టి యాభై రోజులకూ ఏమేం చూపించాలో కాగితం మీద రాసుకున్నాను. గని అడుగు చెరువు, గాలిపటాలు, పెద్ద హాల్లో బొమ్మల ఆట. ఈరోజు చెరువుకు తీసుకెళ్లాను. నీళ్లు నీలంగా ఉన్నాయి. చూడు ఎంత బాగుందో అన్నాను. "అమ్మతో వచ్చినా కదా" అంది. గట్టు మీద కూర్చుని, ఇంటికి ఎప్పుడు పోదామని మూడుసార్లు అడిగింది.

మెలకువ 3

పొద్దున జొన్నరొట్టె చేయబోయాను. పిండి తడిపి తడుతుంటే అంచులన్నీ పగిలాయి. పెనం మీద వేసేలోగా మూడు ముక్కలైంది. ఈశ్వరి గడప దగ్గర నిలబడి చూస్తోంది.

"సన్నీళ్లు పోసినావా?"

"ఆఁ."

"యాడన్నా సన్నీళ్లు పోస్తారా నాయనా! కాగేనీళ్లు పొయ్యాల. పోసి గరిటెతో కలిపి, చెయ్యి ఓర్చుకున్యాంక మెదపాల."

స్టూలు లాక్కుని ఎక్కింది. నీళ్లు నేను కాచాను, పిండి తను కలిపింది. చిన్న చేతులు, రొట్టె నా అరచేయంతే వచ్చింది, కానీ గుండ్రంగా వచ్చింది. తడుతూ రొట్టె కింది పలకను కొంచెం కొంచెం తిప్పుతోంది. సుభద్ర అలా తిప్పేదో లేదో గుర్తు తెచ్చుకుందామని చూశాను. గుర్తు రాలేదు.

రెండు రొట్టెలు తిన్నది. మూడోది గుడ్డలో చుట్టి నాకిచ్చింది. "కింది క్యాంపుకు బండి పోతాది కదా, అమ్మకు పంపీ."

తీసుకున్నాను. ఇంకేం చేయను? షెడ్డుకు పోయి నా పనిముట్ల పెట్టెలో పెట్టి మూత వేశాను.

మెలకువ 5

ఎక్కడికీ తీసుకెళ్లడం మానేశాను. కాగితం చింపేశాను. ఇంట్లో పని ఉంటే ఈశ్వరి మాట్లాడుతుంది. కొర్రల్లో రాళ్లు ఏరుతున్నప్పుడు మాట్లాడుతుంది. బట్టలు పిండేటప్పుడు చీర ఒక కొస నాకిచ్చి, రెండో కొస తను పట్టుకుని మెలితిప్పుతూ మాట్లాడుతుంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని "ఏమ్మా, ఏం సంగతులు?" అంటే మాత్రం ఏమీ ఉండదు.

ఈరోజు రాళ్లు ఏరుతూ, నిద్రలో ఉన్నప్పుడు తనకు ఏదీ తెలియదంది. "కండ్లు మూస్తా, తెరుస్తా. అంతే. తెరిసేతలికి అందరూ మారిపోయింటారు. అమ్మ మాత్రం లేసినంక నాకు అన్నీ చెప్తాది. ఎవురికి పెండ్లయింది, ఎవురికి పండ్లూడినాయి, ఏం కూర వండినాది, అన్నీ."

"ఏం కూర వండిందో గూడనా?"

"ఆఁ. అదే ముందు చెప్తాది."

నేను చెప్పగలిగింది ఏముందని వెతుక్కున్నాను. పోయిన ఎండాకాలం నేనేం తిన్నానో నాకే తెలియదు. మూడో పంపు బేరింగు పోయిన సంగతి చెప్పాను. మర్యాదకు వింది.

ఈరోజూ రొట్టె ఇచ్చింది, దాంతో పాటు గిన్నెలో కొంచెం ఊరుబిండి పచ్చడి. వేయించిన చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు వేసి రోట్లో తనే నూరింది. సుభద్ర నేర్పిందట. పెట్టెలో ఇప్పుడు మూడు రొట్టెలున్నాయి. పారేయడానికి చేయి రాలేదు. తినడానికి మనసు రాలేదు.

మెలకువ 8

ఈరోజు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను. షమీమక్క చదివి ఏమన్నా అననీ.

మధ్యాహ్నం బట్టలు మడతపెడుతున్నాం. ఈశ్వరి అడిగింది.

"నాయనా, ఊరుబిండి తిన్యాదా అమ్మ? ఏమనింది?"

ఏదో ఒకటి చెప్పి సంతోషపెడదామనుకున్నాను. "శానా బాగుంది అనింది. ఉప్పూ కారం సరిపొయినాయంట."

తన చేతిలో లంగా అలాగే ఆగిపోయింది.

"అమ్మకు ఉప్పు లేకుండానే కదా నూరినా."

నేను చేతిలో ఉన్న చొక్కాను విప్పి మళ్లీ మడతపెట్టాను.

"డాక్టరు ఉప్పు వొద్దన్యాడు కదా. పోయినేడే చెప్పినాడు కదా. నీకు తెలీదా?"

నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఉన్నాం, సుభద్ర పోయేదాకా ఉప్పు లేని కూడు తిన్నదని నాకు తెలియదు. పిల్లకు తెలుసు.

ఈశ్వరి లంగాను మడతపెట్టి మిగతావాటి మీద ఉంచింది. నా వైపు చూడకుండా అడిగింది. "అమ్మ ఉండాదా నాయనా?"

పది దినాలన్నారు. ఇది ఎనిమిదోది. పచ్చి గుండె అన్నారు. చేతిపట్టీ చూశాను, తొంభై ఆరు. ఇంకో అబద్ధం నోట్లో తయారుగా ఉంది కూడా. కానీ చెప్పినా నమ్మదు. నమ్మని అబద్ధంతో రెండు రోజులు ఒంటరిగా కూర్చుంటుంది, నా పక్కనే.

"లేదు పాపా" అన్నాను. "ఆషాఢంలో జ్వరమొచ్చింది. చనిపోయింది."

ఏడవలేదు. "నేను నిద్రలో ఉన్యప్పుడా?" అంది.

"ఆఁ."

"నన్ను ఎవురూ లేపల్యా?"

ఎండలో లేపితే బతకవమ్మా, రూలు లేదమ్మా, అని ఏదేదో చెప్పాను. వింటోందో లేదో తెలియదు. పట్టీ కీచుమంటోంది, కింద నిద్రగదిలోనూ మోగుతుంది అది. నూట నలభై. షమీమక్క మెట్లెక్కి పరుగున వచ్చింది. నన్ను తిట్టబోయి పిల్ల ముఖం చూసి ఆగింది. పక్కన కూర్చుని ఈశ్వరి వీపు నిమురుతూ గుండె లెక్క దిగేదాకా కదల్లేదు. పోతూ పోతూ నాతో, "రెండు దినాలు పట్టలేకపోతివా?" అంది. కోపంగా అనలేదు.

మెలకువ 9

మాట్లాడలేదు. గంజి రెండు గుక్కలు.

మెలకువ 10

మాట్లాడలేదు. రొట్టె నేనే చేశాను, కాగేనీళ్లు పోసి. ముట్టుకోలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఆషాఢం తర్వాత ఈ ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్న నెలల్లో కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు.

మెలకువ 11

పొద్దున లేచి అడిగింది. "నా రొట్టెలు ఏం చేసినావు?"

షెడ్డుకు తీసుకెళ్లి పెట్టె తెరిచాను. స్పానర్ల మీద ఆరు రొట్టెలు, అట్టల్లా ఎండిపోయి ఉన్నాయి. పక్కన ఊరుబిండి గిన్నె. ఒక్కొక్కటీ తీసి లెక్కపెట్టింది.

"ఒగటి గూడ తినల్యా నువ్వు?"

"తినబుద్ధి కాల్యా."

"పారెయ్యల్యా?"

"ఎట్ల పారేస్తా?"

అప్పుడు ఏడ్చింది. షెడ్డులో గ్రీజు నేల మీద కూలబడి, నోరు తెరిచి, ఊపిరి అందనట్టు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. దగ్గరికి తీసుకోవాలా వద్దా తెలియలేదు. తనే జరిగి నా మోకాలి మీద తల పెట్టింది.

సాయంత్రం ఎండ దిగాక పైకి తీసుకెళ్లాను. సుభద్రను పూడ్చింది పాత నాపరాళ్ల గుట్ట పక్కనే. ఈశ్వరి ఆరు రొట్టెలనూ పొడి చేసి మట్టి మీద చల్లింది. చీమలు రావడం చూస్తూ కూర్చుంది. ఎవరెవరు వచ్చినారు ఆరోజు, అమ్మకు ఏ చీర కట్టినారు, అని అడిగింది. ఆకుపచ్చదని చెప్పాను. చీర సంగతి ఒక్కటి నాకు గుర్తుంది.

మెలకువ 15

హాల్లో కాగితం అంటించారు. ఎండ ఈసారి ముందే వస్తోందట. యాభై రోజులు కాదు, ఇరవై నాలుగు. అంటే ఇంకో తొమ్మిది రోజులు. ఇంటికొచ్చి చెప్పాను, ఏదీ దాచకుండా. ఈశ్వరి తలూపి, "ఇంకో రొట్టె వెయ్యి" అంది.

మెలకువ 18

ఆకలి బాగా పెరిగింది. పొద్దున నాలుగు రొట్టెలు, మధ్యాహ్నం సంగటి, మధ్యమధ్యలో చెనిక్కాయలు, బెల్లం. కోలుకుంటోందని సంతోషపడ్డాను. కడుపునొప్పి అంటూనే తిన్నది. వాము నీళ్లు తాగించాను.

మెలకువ 20

నిద్రకు ముందు తూకం. షమీమక్క ఈశ్వరిని కాటా మీద నిలబెట్టింది. ముల్లు ఇరవై నాలుగు దగ్గర ఆగింది.

"అయిదు కేజీలా?" అంది షమీమక్క. కిందికి వంగి లంగా అంచు తడిమింది. లోపల కుట్టిన జేబుల్లోంచి నాపరాయి ముక్కలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. పద్నాలుగు. ఆ జేబులు తనే కుట్టుకుంది, వంకరటింకర కుట్లు. ముల్లు ఇరవై దగ్గరికి దిగింది.

"ఎందుకే తల్లీ ఇట్ల జేసినావు?"

"నలబై ఉంటే నిద్రపుచ్చరు కదా."

"నాలుగు కేజీల రాళ్లకు నలబై అయితాదా?"

"ఇంగా నాలుగు దినాలుండాయి కదా" అంది ఈశ్వరి. "అబద్ధం చెప్పినావా" అని నేను అనబోయి నోరు మూసుకున్నాను. తను నా వైపే చూస్తోంది, అంటానేమోనని.

మెలకువ 21

చీర పిండుతున్నాం. సుభద్రదే, దుప్పటిగా వాడుతున్నాం. కొస మెలితిప్పుతూ అడిగింది.

"నేను పండుకుంటే నువ్వు గూడ సచ్చిపోతావా?"

పోనని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. ఏ తండ్రయినా అదే చెబుతాడు. నాకు నలభై తొమ్మిది. పోయిన ఎండాకాలం మా సొరంగంలో పదకొండు మంది పోయారు.

"తెలీదు పాపా" అన్నాను. "పోకుండా ఉండేకి చూస్తా. నీళ్లు తాగుతా, నీడలో ఉంటా. కానీ తెలీదు."

చీరలోంచి నీళ్లు కారడం ఆగేదాకా మెలితిప్పింది.

"నువ్వు పోతే నాకు ఎవురు చెప్తారు?"

"షమీమక్క."

"ఎప్పుడు? పది దినాలైనాంకనా?"

"కాదు. లేసిన దినమే."

"ఆ మాట ఆమెతోనే చెప్పిపీ."

అప్పటికప్పుడు ఇద్దరం కిందికి వెళ్లాం, తడి చేతులతోనే. షమీమక్క మా మాట విని తల అడ్డంగా ఊపింది. రూలు ఒప్పుకోదంది. ఈశ్వరి కదల్లేదు. చివరికి షమీమక్క పిల్ల పెట్టెకు తగిలించిన అట్ట తీసి, పెన్నుతో ఏదో రాసి, చదివి వినిపించింది. "ఇంటి సంగతులు ఏవైనా సరే, లేచిన రోజే చెప్పాలి. దాచకూడదు." కింద సంతకం పెట్టింది.

"నువ్వు లేకపోతే?" అంది ఈశ్వరి ఆమెతో.

షమీమక్క నవ్వింది, కళ్లు తుడుచుకుంది. "అందుకే అట్ట మింద రాసినా. నేను లేకున్యా ఇంగొకరు సదువుతారు."

మెలకువ 23

ఏమీ చేయలేదు. రాయడానికి ఏమీ లేదు. చెనిక్కాయలు వొలిచాం. నా మోకాలికి నూనె రాసింది. నేను పాట పాడబోతే వద్దంది. తన మాటలకు రెండుసార్లు గట్టిగా నవ్వాను, తను నా మాటకు ఒకసారి నవ్వింది. గుండె డెబ్బై రెండు.

మెలకువ 24

పొద్దున ఎనిమిదికి తీసుకెళ్లాను. ఈసారి ఎత్తుకోనిచ్చింది. మెట్లన్నీ దిగేదాకా మెడ పట్టుకుంది. పెట్టెలో పడుకోబెట్టాక మందు ఎక్కుతుంటే ఏదో అడగాలనుకుని మరచిపోయినట్టు చూసింది. నా చొక్కా గుండీ ఒకటి పట్టుకుని అలాగే నిద్రపోయింది. వేళ్లు షమీమక్క విడదీసింది. నాకు చేతకాలేదు.

పుస్తకం తిరిగి ఇవ్వాలి. ఇంకొన్నాళ్లు ఉంచుకుంటానని అడిగాను. షమీమక్క సరేనంది.

ఎండ 1

పంపుల పెద్దను కలిసి, షెడ్డు నాకొద్దన్నాను. నా కింద పని నేర్చుకున్నవాళ్లు ఐదుగురున్నారు, నాకంటే బాగా చేస్తారు. నిద్రగదిలో తుడిచే పని ఖాళీగా ఉంది, అది కావాలన్నాను. ముప్పై ఏళ్ల మేస్త్రీవి, చీపురు పట్టుకుంటావా అని చాలాసేపు తిట్టాడు. తిట్టి, కాగితం మీద సంతకం పెట్టాడు.

ఎండ 3

నిద్రగదిలో తొంభై ఒక్క పెట్టెలున్నాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అద్దాల మీద పట్టిన మంచును మెత్తటి గుడ్డతో తుడవాలి. ఈశ్వరిది నలభై మూడోది. అక్కడికి వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది.

తుడుస్తూ చెప్పాను. ఈరోజు పొద్దున పుంటికూర పప్పు చేసినా. పులుపు ఎక్కువైంది. మీ దేవమ్మత్తకు ముందరి పన్ను ఊడింది. పైన నలభై తొమ్మిది డిగ్రీలు, నేను పోలేదు.

షమీమక్క వెనక నిలబడి ఉందని చూసుకోలేదు.

"ఇనపడదు మద్దిలేటీ."

"తెలుసక్కా."

షమీమక్క చేతిలోని ట్రేతో పక్క పెట్టె చూపించింది. "ఆ పిల్లకు గూడ చెప్పు. వాళ్ల నాయన, అమ్మ ఇద్దరూ ఈ ఏడు దూరం పనికి పోయినారు. సూసేకి ఎవురూ రారు."

నలభై నాలుగో పెట్టె అద్దం తుడిచాను. ఐదారేళ్ల పిల్ల, ముక్కు మీద చిన్న మచ్చ. అట్ట మీద పేరు చూశాను, సుంకమ్మ. నాకు ఆ పిల్ల ఎవరో తెలియదు, వాళ్ల ఇంటి సంగతులేవీ తెలియవు. గుడ్డ మడిచి భుజం మీద వేసుకున్నాను.

"సుంకమ్మా" అన్నాను. "నేను ఈశ్వరి వాళ్ల నాయన్ని. ఈ పొద్దు పప్పు చేసినా."